వాడ లెక్కలు - 7: సేటు పుస్తకం, కంది లెక్క, అక్క వాటా



పోయిన భాగంలో హాస్టల్ మెస్ చార్జీల గురించి మాట్లాడుకున్నం. ఈ భాగం మొత్తం లెక్కలే. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకొని చదవండి. నేను చెప్పింది నమ్మకండి, మీరే వేసి చూడండి.

మన కోట్‌పల్లి, వికారాబాద్, తాండూరు పిల్లలు కానిస్టేబుల్ పరీక్షకు, గ్రూప్స్‌కు అర్థమెటిక్ పుస్తకాలు నమిలి మింగుతున్నరు. బారువడ్డీ, చక్రవడ్డీ, భాగస్వామ్యం, లాభనష్టాలు, నిమిషానికి ఒక లెక్క. బీకాం చదివే చెల్లె బ్యాలెన్స్ షీట్ రెండు వైపులా పైసతో సహా కలుపుతది. మంచిదే. అదే చెల్లెను "మీ నాయన సేటుకు ఎంత బాకీ? ఏడాదికి ఎంత శాతం పడుతున్నది? మీ తాత భూమిల నీకు ఎన్ని గుంటలు వస్తయి?" అని అడగండి. "అదంత నాయనకే ఎరుక" అంటది. నాయనను అడగండి. "సేటు పుస్తకంల ఉంటది" అంటడు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన ఇంటి లెక్క ఎవరి పుస్తకంలో ఉంటే, మన ఇంటి భూమి మెల్లమెల్లగ వాళ్ళ దిక్కే పోతది. కులం ఊరవతల వాడను కట్టింది. ఆ వాడను అక్కడనే కట్టేసి ఉంచింది మాత్రం చాలాసార్లు ఒక లెక్కల పుస్తకం.

జీతగాని లెక్క

మన తాతలు జీతాలుండిన్రు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. వెట్టి కింద ఉన్న బాకీలన్నీ రద్దు అన్నది. ఆ తర్వాత కూడా ఏండ్లకేండ్లు జీతాలు నడిచినయి. ఎట్ల నడిచినయి? కొట్టి, తిట్టి నడిపింది కొంత. లెక్కతో నడిపింది ఎక్కువ.

ఒక నమూనా లెక్క వేద్దాం. ఏడాది జీతం 1,200 రూపాయలు. బిడ్డ పెండ్లికి ముందుగాల్నే 1,500 తీసుకున్నడు. మిత్తి నూటికి మూడు. నడుమ పండుగకు, దవాఖానకు ఇంకో 400 తీసుకున్నడు. ఏడాదిలో 30 నాగాలు అయినయి, నాగాకు 10 రూపాయలు కోత.

ఏడాది చివర దొర లెక్క: అసలు 1,500. దాని మిత్తి 540. నడుమ తీసుకున్నది 400. మొత్తం బాకీ 2,440. జీతం 1,200లో నాగాల కోత 300 పోతే జమ 900. మిగిలిన బాకీ 1,540.

చూసిన్రా? 1,500 బాకీతో మొదలుపెట్టి, ఏడాది పొడుగు పొద్దున చీకట్ల లేచి పెండ తీసి, అరక కట్టి, రాత్రి పొలం కాపలా పండి, చివరికి 1,540 బాకీ తేలిండు.

ఇప్పుడు ఇదే లెక్క న్యాయంగ వేయండి. 1,200 జీతాన్ని 365తో భాగిస్తే రోజుకు 3 రూపాయల 30 పైసల దాకా వస్తది. 30 నాగాలకు కోత 100 రూపాయలు కావాలె, 300 కాదు. మిత్తి బ్యాంకు లెక్కన ఏడాదికి 12 శాతం వేసినా 180, 540 కాదు. అప్పుడు మిగిలే బాకీ 980. తేడా 560 రూపాయలు. అంటే సగం జీతానికి దగ్గర. ఈ 560 కోసం దొర కట్టె కూడా పట్టలేదు. పెన్ను పట్టిండు.

గింజల్లో కూడా ఇదే నడిచింది. వానకాలం ఒక బస్తా జొన్నలు నాగుకు తెస్తే పంట మీద బస్తన్నర కొలిచేది. ఆరు నెలలకు సగం అంటే ఏడాదికి నూటికి నూరు శాతం. "సగమే కద" అనిపించే మాటలో నూరు శాతం దాక్కున్నది.

"నూటికి రెండు" అంటే ఎంత?

ఇప్పుడు జీతాలు పోయినయి అంటరు. మిత్తి పోలేదు. మన దిక్కు మిత్తి నెలకు చెప్తరు, బ్యాంకు ఏడాదికి చెప్తది. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. మూడు అంటే 36. ఐదు అంటే 60. ఈ ఒక్క గుణకారం ఇంట్ల అందరికీ రావాలె.

గిరిగిరి ఫైనాన్స్ చూడండి. పదివేల అప్పు అంటడు, వెయ్యి ముందే పట్టుకొని చేతిలో 9,000 పెడతడు. రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టాలె. "వెయ్యే కద మిత్తి, పది శాతమే" అనుకుంటరు. కానీ ఆ 9,000 నూరు రోజులు మన దగ్గర లేవు. మొదటి రోజు నుంచే తిరిగి పోతున్నయి. సగటున మన చేతిలో ఉన్నది 4,500 చిల్లర. దాని మీద నూరు రోజులకు వెయ్యి అంటే 22 శాతం. ఏడాదికి వేస్తే 80 శాతం! నోటుతో చెప్పేది పది, జేబులో నుంచి పోయేది ఎనభై.

సంఘాల పేరు మీద వచ్చిన మైక్రోఫైనాన్స్‌లో ఫ్లాట్ రేటు కూడా ఇదే కిటుకు. 10,000 అప్పు, 12.5 శాతం మిత్తి, వారానికి 225 చొప్పున 50 వారాలు. మొత్తం 11,250. బాకీ వారం వారం తగ్గుతుంటది, మిత్తి మాత్రం మొదటి పదివేల మీదనే వేస్తరు. సగటు బాకీ మీద వేసి చూస్తే అది ఏడాదికి 25 శాతం దాటుతది. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ అప్పుల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగినయి. ఆ అక్టోబర్‌లో సర్కారు ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. కట్టలేక చచ్చిపోయినోళ్ళలో మన అక్కలు, అమ్మలు ఉన్నరు. వాళ్ళకు ఎవరూ ఈ నాలుగు లైన్ల లెక్క ముందుగ వేసి చూపెట్టలేదు.

ఇక ప్రామిసరీ నోటు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి, అంకె రాయకుండ ఖాళీగ ఇచ్చేది మన వాడల్లో ఇంకా ఉన్నది. ఖాళీ నోటు ఇచ్చినోడు అది నింపుకునే అధికారం కూడా ఇచ్చినట్టే అని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చెప్తది. నోటు మీద దావాకు గడువు మూడేండ్లు. వెనుక చెల్లు రాసి మనతో సంతకం పెట్టించుకున్న ప్రతిసారి, గడువు లోపల ఉంటే, మళ్ళీ మూడేండ్లు మొదలు. కట్టినప్పుడు చెల్లు రాయించుకోవాల్సిందే, అది మన సాక్ష్యం. కానీ ఎంత కట్టినమో, ఏ తారీఖో చదువుకొని సంతకం పెట్టాలె. 500 కట్టి ఏం రాసిన్రో చూడకుండ వేలిముద్ర వేస్తే అది మన మెడకే చుట్టుకుంటది. అప్పులియ్యడమే దందాగ చేసేటోనికి లైసెన్సు ఉండాలె, లెక్క రాయాలె అని తెలంగాణలో నిజాం కాలం నుంచే, 1349 ఫసలీ నుంచే చట్టం ఉన్నది. "లైసెన్సు చూపెట్టు" అని అడిగే హక్కు మనకు ఉన్నది.

కంది లెక్క

తాండూరు కందిపప్పుకు పేరున్నది. తాండూరు కందికి 2022 డిసెంబర్‌లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంబురమే. ఆ గుర్తింపు పైసలు పండించినోని ఇంటికి ఎన్ని వచ్చినయో చూద్దాం.

మూడెకరాల రైతు. జూన్‌లో విత్తనానికి, మందులకు ఆడ్తి దగ్గర 40,000 తెచ్చిండు. మిత్తి నూటికి మూడు. షరతు: పంట తనకే వేయాలె. జనవరిలో 12 క్వింటాళ్ళు పండినయి. నమూనా లెక్కకు ధర కిలో 70 అనుకుందాం.

ఏడు నెలల మిత్తి 8,400. ఇది అందరికీ కనపడేది. కనపడనిది ఇంకా ఉన్నది. అప్పున్నోని సరుకుకు క్వింటాలుకు 400 తక్కువ కట్టిండు, 12 క్వింటాళ్ళకు 4,800. తరుగు పేరు మీద క్వింటాలుకు రెండు కిలోలు కోసిండు, 24 కిలోలు, అంటే 1,680. మూడూ కలిపితే 14,880.

ఇప్పుడు అసలు మిత్తి ఎంత? 40,000 మీద ఏడు నెలలకు 14,880 అంటే నెలకు నూటికి ఐదు రూపాయల 30 పైసలు. నోటితో మూడు అన్నడు, కాంటా మీద ఐదు దాటించిండు. మిగిలిన రెండు రూపాయల 30 పైసలు ఏ కాగితంలో ఉండవు. ధరలో, తరుగులో కలిసిపోతయి. అందుకే రైతు లెక్క రాసేటప్పుడు మిత్తి ఒక్కటే రాస్తే సరిపోదు. "అప్పు లేకపోతే ఇదే సరుకు ఎంతకు పోయేది?" అనే అంకె కూడా రాయాలె. ఆ తేడా కూడా మిత్తే.

అదే 40,000 బ్యాంకులో పంట రుణం తీసుకుంటే 7 శాతం లెక్కన ఏడు నెలలకు 1,633 రూపాయలు. గడువులో కడితే ఇంకో మూడు శాతం తగ్గింపు. 14,880 ఎక్కడ, 1,633 ఎక్కడ? తేడా 13 వేల పైన.

మరి బ్యాంకుకు ఎందుకు పోడు? తెలివి లేక కాదు. పాసుబుక్కు లేక. పాసుబుక్కు ఎందుకు లేదు? పట్టా చచ్చిపోయిన నాయన పేరు మీదనో, తాత పేరు మీదనో ఉన్నది కాబట్టి. విరాసత్ కాలేదు కాబట్టి.

విరాసత్ కాకపోతే ఏం పోతది?

అప్పు లెక్క, వారసత్వం లెక్క వేరు వేరు అనుకుంటం. రెండూ ఒకటే తాడు. భూమి చచ్చినోని పేరు మీద ఉంటే పంట రుణం రాదు. రైతు భరోసా రాదు, ఇప్పుడు అది ఎకరానికి పంటకు 6,000. మూడెకరాలకు రెండు పంటలు వేస్తే ఏడాదికి 36,000. రైతు బీమా రాదు, 18 నుంచి 59 ఏండ్ల రైతు చనిపోతే ఇంటికి 5 లక్షలు వచ్చే పథకం. బ్యాంకు తేడా 13 వేలు, రైతు భరోసా 36 వేలు కలిపితే, ఒక్క విరాసత్ చేసుకోనందుకు ఈ ఇల్లు ఏటా 49 వేల దాకా పోగొట్టుకుంటున్నది. ఏ సేటూ ఇంత కోయడు.

అసైన్డ్ భూమి ఉన్నోళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. 1977 చట్టం ప్రకారం దాన్ని అమ్మొద్దు, కొనొద్దు. కానీ వారసులకు వస్తది. "లావణి పట్టా కద, మీ నాయనతోనే పోయింది" అని ఎవరన్న అంటే అది అబద్ధం. సేతుసింధి, నీరడి పని చేసిన ఇంటోళ్ళకు ఇనాం భూములు ఉండెటివి. 1955 ఇనాముల రద్దు చట్టం కింద సాగుదారు హక్కు పత్రం తెచ్చుకోని ఇండ్లు ఇప్పటికీ తిరుగుతనే ఉన్నయి. మన తాతలు ఊరి పొలిమేరలు కాపలా కాసిన్రు. పహాణీల పేరు రాసే పెన్ను మాత్రం పట్వారీ చేతిలో ఉండె.

విరాసత్ ఎందుకు ఆగుతున్నది? ఆఫీసులు తిప్పుతయి, నిజమే. ధరణి 2020 అక్టోబర్‌లో వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారింది, క్యూ మారలేదు. కానీ మన ఇంట్ల ఉన్న కారణం కూడా చెప్పుకోవాలె. విరాసత్‌కు వారసులందరి పేర్లు చెప్పాలె, అందరి ఒప్పుదల కావాలె. అంటే అక్కచెల్లెండ్లను పిలవాలె. అక్కడనే ఆగుతున్నం.

అక్క వాటా

ఒక ఇల్లు. నాయన సొంతంగ కొన్న మూడెకరాలు, అంటే 120 గుంటలు. వీలునామా రాయకుండ చనిపోయిండు. భార్య ఉన్నది. ముగ్గురు కొడుకుల్లో పెద్దోడు నాయన కన్నా ముందే చనిపోయిండు, వానికి భార్య, ఇద్దరు పిల్లలు. ఇద్దరు బిడ్డలకు పెండ్లిళ్ళు అయినయి.

ఊరి లెక్క: బిడ్డలకు కట్నం ఇచ్చినం, అయిపోయింది. పెద్ద కోడలు తల్లిగారింటికి పోయింది, అయిపోయింది. అమ్మ ఎవరి దగ్గర తింటే వాళ్ళ దగ్గర. ఇద్దరు తమ్ముళ్ళకు చెరి 60 గుంటలు.

1956 హిందూ వారసత్వ చట్టం లెక్క: భార్య 1, బతికున్న కొడుకులు 2, బిడ్డలు 2, చనిపోయిన కొడుకు శాఖ 1. మొత్తం ఆరు వాటాలు, వాటాకు 20 గుంటలు. పెద్దోని 20 గుంటలు వాని భార్యకు, ఇద్దరు పిల్లలకు సమానంగ పోతయి. అంటే తమ్ముళ్ళకు న్యాయంగ వచ్చేది చెరి 20. చెరి 40 గుంటలు, అంటే చెరొక ఎకరం పక్కోళ్ళది తింటున్నరు. ఆ పక్కోళ్ళు ఎవరు? తల్లి, అక్క, చెల్లె, తండ్రి లేని పిల్లలు.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క వేరు. అక్కడ బిడ్డకు పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి పెండ్లి కాని బిడ్డలకు, 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతట బిడ్డలందరికీ. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్నా అనే పంచాయితీని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది, ఉండనవసరం లేదన్నది.

మన దిక్కు మెథడిస్టు చర్చిలకు పోయే ఇండ్లు చాన ఉన్నయి. క్రైస్తవులకు వర్తించేది 1925 భారత వారసత్వ చట్టం. అదే ఇంటికి ఆ లెక్క వేస్తే భార్యకు మూడో వంతు, 40 గుంటలు. మిగిలిన 80 ఐదు శాఖలకు 16 చొప్పున. చనిపోయిన కొడుకు పిల్లలకు చెరి 8, కోడలికి నేరుగ ఏమీ లేదు. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఇంకొకటి ఉన్న ఇండ్లు ఏ లెక్క వర్తిస్తదో వకీలును అడిగి తేల్చుకోవాలె. ఏ లెక్క వేసినా బిడ్డ వాటా సున్నా మాత్రం కాదు.

బాబాసాహెబ్ 1951లో న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేసిండు. దానికి చెప్పిన కారణాల్లో హిందూ కోడ్ బిల్లును ముందుకు పోనీయకపోవడం పెద్దది. ఆడబిడ్డకు ఆస్తి హక్కు కోసం కూడా ఆయన కుర్చీ వదిలిండు. మనం ఏప్రిల్ 14న నీలి కండువా వేసుకొని ఊరేగింపు తీసి, 15న అక్కను "సంతకం పెట్టిపో, చీర పెడతం" అని పిలిస్తే ఏమన్నట్టు? ఊర్ల దొర మనకు చేసింది, ఇంట్ల మనం అక్కకు చేస్తున్నం. లెక్క చూపెట్టకుండ సంతకం తీసుకుంటున్నం.

ఇది ఇప్పుడే ఎందుకు అంటున్న అంటే, కోట్‌పల్లి ప్రాజెక్టు మీద శని, ఆదివారాలు పడవలు నడుస్తున్నయి, హైదరాబాద్ కార్లు కట్ట మీద ఆగుతున్నయి. ఆ కార్లలోనే భూమి బేరాలు వస్తున్నయి. బయానా తెచ్చేటోడు అందరినీ పిలిచి అడగడు. అప్పులున్న ఒక్క అన్నను పట్టుకుంటడు. విరాసత్ కాని భూమి, సేటు బాకీ, అన్న సంతకం, ఈ మూడు కలిస్తే ఆరుగురి వాటా ఒక్క సాయంత్రం పోతది.

"లెక్కలతో కులం పోతదా?"

ఈ ప్రశ్న మన మిత్రులే అడుగుతరు. పోదు. బాబాసాహెబ్ కొలంబియాలో, లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివిండు. రూపాయి సమస్య మీద 1923లో పుస్తకం రాసిండు. బొంబాయిలో షేర్ల మీద సలహాలిచ్చే ఆఫీసు పెడితే, కులం తెలిసి జనం రావడం మానేసిన్రు. ఆయనకంటే ఎక్కువ లెక్క వచ్చినోడు ఎవరు? అయినా కులం ఆయన ఆఫీసు మూయించింది. కానీ ఆయన లెక్కను వదల్లేదు. 1925 నుంచి 1928 దాకా బాట్లీబాయి అకౌంటెన్సీ సంస్థలో వ్యాపార చట్టం పాఠాలు చెప్పిండు. మహద్ చెరువు నీళ్ళు తాగింది 1927లో. చెరువు పోరాటం, అకౌంటెన్సీ క్లాసు ఒకే ఏడాదిలో, ఒకే మనిషి.

1875లో పుణె, అహ్మద్‌నగర్ రైతులు తిరగబడి సావుకార్ల ఇండ్ల మీద పడ్డప్పుడు ముఖ్యంగ తగలబెట్టింది అప్పు పత్రాలు, ఖాతా పుస్తకాలు. మన తెలంగాణ సాయుధ పోరాటంలో కూడా దొరల దగ్గరి అప్పు కాగితాలు కాలినయి. చదువు రాని జనానికి కూడా తమ సంకెల ఎక్కడున్నదో తెలుసు. 1875 తిరుగుబాటు తర్వాత 1879లో వచ్చిన చట్టం, కాగితం మీది అంకెను నమ్మకుండ దాని వెనుకటి అసలు లెక్కను తవ్వి చూసే అధికారం కోర్టుకు ఇచ్చింది. ఆ తవ్వే పని ఇప్పుడు మనం ఇంటి దగ్గర మొదలుపెట్టాలె.

చేయాల్సిన పని

ఈ ఆదివారం ఒక వంద పేజీల నోట్‌బుక్ కొనండి. మూడు భాగాలు చేయండి.

మొదటిది బాకీ. ఎవరికి, ఎప్పుడు, చేతికి ఎంత వచ్చింది, కాగితంలో ఎంత రాసిన్రు, ఇప్పటిదాకా ఎంత కట్టినం, ఏడాదికి ఎంత శాతం. చేతికి వచ్చింది, కాగితంలో రాసింది పక్కపక్కన రాయండి. ఆ రెండు అంకెల నడుమ తేడా చూస్తే మీ నాయన కూడా కొంచెంసేపు మాట్లాడడు.

రెండోది పంట లేదా కూలి. పెట్టిన ఖర్చు, అమ్మిన ధర, ఆ రోజు మార్కెట్ ధర, తరుగు, హమాలీ. బండల గనుల్లో పనిచేసే ఇండ్లు ముందు తీసుకున్న అడ్వాన్సు, కోతలు రాయండి.

మూడోది భూమి. సర్వే నంబర్, ఎన్ని గుంటలు, ఎవరి పేరు మీద, వారసులు ఎవరెవరు. ఆడబిడ్డల పేర్లు ముందు రాయండి. ఒక్కొక్కరి గుంటలు పక్కన వేయండి. తర్వాత అక్కకు ఫోన్ చేసి ఆ అంకె చదివి వినిపించండి. తీసుకుంటదో, వదులుకుంటదో అది ఆమె ఇష్టం. కానీ అంకె తెలిసి వదులుకోవాలె.

వివాదం ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండ ఉచితంగ వకీలును ఇయ్యాలని 1987 చట్టం చెప్తున్నది. ఫోన్ నంబర్ 15100.

అంబేద్కర్ సంఘాల తమ్ముళ్ళకు ఒక మాట. విగ్రహం దగ్గర నెలకొక సాయంత్రం నలుగురు డిగ్రీ పిల్లలు కూసొని వాడ నోట్లు, పాసుబుక్కులు చదివి పెట్టండి. మైకు అక్కర లేదు, ఫ్లెక్సీ అక్కర లేదు. ఒక బల్ల, ఒక క్యాలిక్యులేటర్ చాలు. సేటు పుస్తకం తెరిచిన రోజు పక్కన మన పుస్తకం కూడా తెరిచి ఉండాలె.

వచ్చే భాగంలో అడంగల్, పహాణీ చదవడం ఎట్లనో చూద్దాం. ఇంట్ల ఉన్న పాత కాగితాలు ఇనుప పెట్టెలో నుంచి తీసి పెట్టుకోండి.

జై భీమ్.